ఆడియో పరికరాలన్నీ ఒకే కంపెనీవి, ఒకే రంగువి కావాలా?

కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు, ఫ్లాటులోకి మారుతున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: యాంప్లిఫయర్ ఏ కంపెనీదైతే స్పీకర్లు, సీడీ ప్లేయరు, సబ్‌వూఫరు కూడా ఆ కంపెనీవే కొనాలా, వేర్వేరు కంపెనీలవి కలిపితే పాట వినడానికి బాగుండదా అని. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి చెవికి సంబంధించినది, రెండోది హాలులో కూర్చున్నప్పుడు కంటికి సంబంధించినది. అమ్మేవారు ఈ రెండింటినీ కావాలనే కలిపి చెబుతారని నా అనుమానం. ఒకే రంగులో ఒద్దికగా పేర్చిన సెట్టును చూపించి, ఇవన్నీ ఒకదానికొకటి సరిపోయేలా తయారు చేసినవండీ అని అంటే, సరిపోయింది రంగులోనా, పనితీరులోనా అని ఎదురు అడిగేవారు అరుదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కంటికి ఏది నప్పుతుందో తేల్చుకోవలసింది ఆ ఇంట్లో ఉండేవాళ్లు, అందులో మరొకరు జోక్యం చేసుకోనక్కరలేదు. చెవి విషయంలో మాత్రం కంపెనీ పేర్లు తప్పనిసరిగా కలవవలసిన చోట్లు చాలా తక్కువ. అవి ఏవో తెలుసుకుంటే మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టుకోవచ్చు.

అన్నీ ఒకే కంపెనీవి కొనే అలవాటు మొదటినుంచీ ఉన్నది కాదు. 1950లు, 60లలో బ్రిటన్‌లో మంచి సెట్టు కావాలనుకున్న మనిషి స్విండన్‌లో తయారైన గారార్డ్ టర్న్‌టేబుల్ (రికార్డులు తిప్పే పరికరం), హంటింగ్‌డన్‌లో తయారైన క్వాడ్ యాంప్లిఫయర్, టానాయ్ లేదా వార్ఫ్‌డేల్ స్పీకర్లు విడివిడిగా ఎంచుకునేవాడు. ఏ కంపెనీకి ఏ పనిలో నేర్పు ఉందో ఆ పని దానికి అప్పగించడం అప్పటి పద్ధతి. వాటి రంగులు, కొలతలు కలవకపోవడం పెద్ద లోటుగా తోచకపోవడానికి ఒక కారణం కూడా ఉంది: చాలామంది వాటిని చెక్క క్యాబినెట్‌లో బిగించి మూత వేసుకునేవారు.

1970ల చివరి నాటికి పయనీర్, టెక్నిక్స్, సోనీ వంటి జపాను కంపెనీలు టర్న్‌టేబుల్ మొదలుకొని స్పీకరు దాకా అన్నీ తామే తయారు చేసి, అద్దం తలుపు ఉన్న రాక్‌లో అమర్చి అమ్మడం విస్తరించాక కథ మారింది. ప్యానెళ్ల వెడల్పు 43 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా కుదురుకుంది. పెట్టె మీద పెట్టె పెడితే అంచులు ఒకే గీతలో నిలిచేవి. అమ్మేవాడికి ఒక్క బేరంలో అయిదారు వస్తువులు పోయేవి, కొనేవాడికి ఎంపిక చేసుకునే శ్రమ తప్పేది. ఈ ఏర్పాటులో తరచుగా నష్టపోయింది స్పీకరు. మూడు కోన్‌లతో, వెండి రంగు అంచులతో భారీగా కనిపించే స్పీకరు పెట్టె పల్చని చిప్‌బోర్డుతో, శబ్దాన్ని కోన్‌లకు పంచే క్రాసోవర్ పేరిట ఒకటి రెండు కెపాసిటర్లతో ఉండటం ఆ రాక్ సిస్టమ్‌లలో మామూలు సంగతి. పాట ఎలా వినిపించాలో అన్నింటికన్నా ఎక్కువగా నిర్ణయించే వస్తువే అక్కడ అన్నింటికన్నా చవకది.

మన వైపు ఈ రాక్‌లు, వాటి తర్వాత వచ్చిన మిడి, మినీ సిస్టమ్‌లు చాలావరకు గల్ఫ్ దారిలో వచ్చాయి. దిగుమతి సుంకాలు భారీగా ఉన్న 1980లలో ఇక్కడ కొనుక్కోవాలంటే కోల్‌కతాలో 1970లో మొదలైన సోనోడైన్ వంటి దేశీయ కంపెనీల సెట్లు ఉండేవి, లేదా మన ఊరి మెకానిక్ బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి బిగించి ఇచ్చే అసెంబుల్డ్ సెట్టు ఉండేది. దుబాయి, కువైట్, మస్కట్‌లలో పనిచేస్తూ కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమలకు సెలవులకు వచ్చేవాళ్ల అట్టపెట్టెల్లో వచ్చిన నల్లని సెట్టు ముందు అవి వెలవెలబోయేవి. అటువంటి మిడి సిస్టమ్ ఒకటి మా బంధువుల ఇంట్లో ఉండేది. ముందు నుంచి చూస్తే పైన ట్యూనర్ (రేడియో), దాని కింద గ్రాఫిక్ ఈక్వలైజర్, ఆ కింద యాంప్లిఫయర్, అడుగున డబుల్ క్యాసెట్ డెక్: నాలుగు విడి పెట్టెలు, వాటి మధ్య సన్నని సందులు, ప్రతి ప్యానెల్ మూలల్లో స్క్రూ తలలు. రిపేరు కోసం వెనక మూత తీసినప్పుడు చూస్తే అదంతా ఒకటే పెట్టె. సందులు ప్లాస్టిక్ అచ్చులో పోసిన గాట్లు, స్క్రూ తలలు కూడా అచ్చులో పోసినవే. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు అంతకన్నా అచ్చమైన ఉదాహరణ నాకు తారసపడలేదు.

నిజంగానే విడి పెట్టెలుగా వచ్చిన సెట్లలో చిక్కు మరో రకంగా ఉండేది. ఆ కాలపు మినీ, మిడి సెట్లు చాలావాటిలో ట్యూనర్‌కు, డెక్‌కు సొంత కరెంటు తీగ ఉండదు. యాంప్లిఫయర్ నుంచి వచ్చే పల్చని రిబ్బన్ కేబుల్ ద్వారానే వాటికి విద్యుత్తు, సంకేతాలు అందుతాయి. సదుపాయంగానే ఉంటుంది: డెక్‌లో ప్లే నొక్కితే యాంప్లిఫయర్ తనంతట తానే ఆ ఇన్‌పుట్‌కు మారుతుంది, సీడీ మొదలైన క్షణానే క్యాసెట్‌లో రికార్డింగ్ మొదలవుతుంది. కానీ వేసవిలో వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు యాంప్లిఫయర్‌లోని పవర్ భాగం కాలిపోతే, ఏ లోపమూ లేని ట్యూనర్, డెక్ కూడా అదే రోజు మూలకు చేరేవి. మామూలు ఆర్‌సీఏ పిన్నులతో, సొంత కరెంటు తీగతో ఉన్న డెక్‌కు ఆ గతి పట్టదు; దాన్ని ఏ యాంప్లిఫయర్‌కైనా తగిలించుకోవచ్చు.

ఒకే కంపెనీ పేరు ఉంటే లోపల ఒకే రకమైన పనితనం, ఒకే ధ్వని స్వభావం ఉంటాయన్న నమ్మకాన్ని కూడా కాస్త తడిమి చూడాలి. 1982 అక్టోబరులో సోనీ తన మొదటి సీడీ ప్లేయరును జపానులో అమ్మకానికి పెట్టిన కొద్ది నెలలకు యూరప్‌లో ఫిలిప్స్ సీడీ100, మరాంజ్ సీడీ-63 వచ్చాయి. అవి లోపల ఒకే ఫిలిప్స్ ఇంజనీరింగ్, పైన మాత్రం రెండు పేర్లు. ఆ తర్వాత కూడా ఫిలిప్స్ లేజర్ యంత్రాంగాలు, టీడీఏ1541 అనే డాక్ చిప్పు (డిజిటల్ అంకెలను శబ్ద సంకేతంగా మార్చేది) ఎన్నో కంపెనీల ప్లేయర్లలో పనిచేశాయి. ఇప్పటికీ డాక్ చిప్పులు తయారు చేసేవి ఈఎస్ఎస్, ఏకేఎం, సిరస్ లాజిక్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వంటి కొన్ని సంస్థలే. 2020 అక్టోబరులో జపానులోని నొబెయోకాలో ఏకేఎం కర్మాగారం కాలిపోయినప్పుడు చాలా కంపెనీలు తమ మోడళ్లను వేరే చిప్పులతో మళ్లీ రూపొందించుకోవలసి వచ్చింది. ప్యానెల్ మీది పేరు, రంగు మారలేదు. లోపలి సరుకు మారింది.

యాజమాన్యం లెక్కన చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. డెనాన్, మరాంజ్ 2002లో ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఆ సంస్థ చేతులు మారుతూ 2025లో హార్మన్‌కు చేరింది. హార్మన్ 2017 నుంచి శాంసంగ్‌ది. జేబీఎల్, ఇప్పుడు బవర్స్ అండ్ విల్కిన్స్ కూడా ఆ గొడుగు కిందివే. కాబట్టి డెనాన్ యాంప్లిఫయర్, బవర్స్ అండ్ విల్కిన్స్ స్పీకర్లు, జేబీఎల్ సబ్‌వూఫరు కొన్నవారు తమకు తెలియకుండానే అన్నీ ఒకే కంపెనీవి కొన్నట్టు. ఈ పరిస్థితిలో పేరు కలిసిందని పరికరాలు కొనడం ఇంటిపేరు విని సంబంధం ఖాయం చేసుకోవడం లాంటిది.

మరి నిజంగా కలవవలసినవి ఏవి? మొదటిది యాంప్లిఫయర్‌కు, స్పీకరుకు మధ్య. స్పీకరు వెనక 8 ఓమ్‌లు అని రాసి ఉన్నా అది నామమాత్రపు సంఖ్య. కొన్ని పౌనఃపున్యాల దగ్గర అది 4 ఓమ్‌లకు, అంతకన్నా కిందికి కూడా దిగుతుంది. ఓమ్‌లు ఎంత తగ్గితే యాంప్లిఫయర్ మీద భారం అంత పెరుగుతుంది. అంత భారం మోయలేని యాంప్లిఫయర్ పెద్ద శబ్దంలో వేడెక్కుతుంది, లేదా రక్షణ వలయం పనిచేసి ఆగిపోతుంది. రెండోది సెన్సిటివిటీ, అంటే ఒక వాట్‌కు స్పీకరు ఎంత శబ్దం ఇస్తుందన్నది. ఒక వాట్‌కు మీటరు దూరంలో 90 డెసిబెళ్లు ఇచ్చే స్పీకరు 40 వాట్ల యాంప్లిఫయర్‌తో ఇచ్చే శబ్దాన్ని 85 డెసిబెళ్ల స్పీకరు నుంచి రాబట్టాలంటే దాదాపు 125 వాట్లు కావాలి; ప్రతి 3 డెసిబెళ్లకు వాట్లు రెట్టింపు అవుతాయి కనుక. ఈ లెక్కలో కంపెనీ పేరుకు చోటే లేదు. రెండూ ఒకే కంపెనీవి అయినంత మాత్రాన ఈ లెక్క కుదురుతుందన్న హామీ కూడా లేదు.

సీడీ ప్లేయరు, ట్యూనరు, డెక్కు వంటి వాటిని యాంప్లిఫయర్‌కు కలిపే చోట భయపడవలసింది దాదాపు ఏమీ లేదు. సీడీ ప్లేయరు గరిష్ఠంగా సుమారు 2 వోల్టులు ఇస్తుంది, డెక్కు అందులో నాలుగో వంతో అంతకన్నా తక్కువో ఇస్తుంది. ఏ యాంప్లిఫయర్ అయినా రెండింటినీ స్వీకరిస్తుంది, ఒకదాని నుంచి మరొకదానికి మారినప్పుడు వాల్యూమ్ కాస్త సవరించుకోవాలంతే. టర్న్‌టేబుల్ సంగతి వేరు. మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులు, మూవింగ్ కాయిల్ రకం అయితే అందులో పదో వంతు. దానికి తగిన ఫోనో విభాగం (ఆ బలహీన సంకేతాన్ని పెంచే భాగం) ఉండాలి, మూవింగ్ మాగ్నెట్ రకానికి 47 కిలో ఓమ్‌ల లోడ్ ఉండాలి. పాత గ్రామఫోను రికార్డుల మీద ప్రేమతో టర్న్‌టేబుల్ కొని, యాంప్లిఫయర్ మామూలు ఆక్స్ ఇన్‌పుట్‌లో తగిలించి, శబ్దమే రావడం లేదని ఫోన్ చేసేవారు ఇప్పటికీ ఉన్నారు.

అమెరికా నుంచి తిరిగి వచ్చేటప్పుడు సెట్టు మొత్తం వెంట తెచ్చుకునే మనవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. అక్కడి 120 వోల్టుల యాంప్లిఫయర్‌ను మన 230 వోల్టులతో నడపడానికి తగిన సామర్థ్యం ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. కానీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుందే తప్ప 60 హెర్ట్జ్‌ను మార్చలేదు. ఏసీ సింక్రనస్ మోటారుతో తిరిగే బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ అయితే నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసింది మన 50 హెర్ట్జ్ మీద సుమారు 27.8 చుట్లే తిరుగుతుంది. ఘంటసాల గొంతు మూడు స్వరస్థానాలకు పైగా కిందికి జారి ఎవరో గుర్తుపట్టలేనట్టు అవుతుంది. క్వార్ట్జ్ నియంత్రణ ఉన్న డైరెక్ట్ డ్రైవ్‌కు, డీసీ మోటారు రకాలకు ఈ బాధ లేదు. రంగు కలవని టర్న్‌టేబుల్ కన్నా ఇది ఎన్నో రెట్లు పెద్ద పొంతనలేమి.

ఇక కంపెనీ కలవవలసిన చోట్లకు వస్తాను. మొదటి చోటు హోమ్ థియేటర్. అందులో ఎడమ, కుడి, మధ్య స్పీకర్లు మూడూ ఒకే కంపెనీవి మాత్రమే కాదు, ఒకే సిరీస్‌వి కావాలి. కారు తెర మీద ఎడమ నుంచి కుడికి వెళ్తున్నప్పుడు దాని శబ్దం మధ్యలో గొంతు మార్చుకుంటే వినేవాడికి వెంటనే తెలిసిపోతుంది. సన్నని స్వరాలు పలికించే ట్వీటర్లు ఒకే రకానివి, క్రాసోవర్ ఒకే తీరుది అయితేనే ఆ అతుకు కనిపించదు. రిసీవర్లలో (హోమ్ థియేటర్ యాంప్లిఫయర్లలో) ఉండే గది సవరణ విధానాలు ఈ తేడాను తగ్గించగలవు, పూర్తిగా చెరిపేయలేవు. వెనక స్పీకర్ల విషయంలో ఇంత పట్టింపు అక్కరలేదు. సబ్‌వూఫరు ఏ కంపెనీదైనా ఫరవాలేదు. రెండు పెట్టుకుంటే మాత్రం రెండూ ఒకే మోడల్ అయితే సర్దుబాటు సులువు.

ప్రీయాంప్ (ఇన్‌పుట్, వాల్యూమ్ చూసే పెట్టె), పవర్ యాంప్ (స్పీకర్లను నడిపే పెట్టె) విడివిడిగా కొనేవారికి రెండో చోటు ఉంది. వాల్వు ప్రీయాంప్‌కు అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (విద్యుత్ అవరోధం) కొన్ని కిలో ఓమ్‌లు ఉండి, పవర్ యాంప్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లే అయితే బాస్ పల్చబడవచ్చు. రెండోది మొదటిదానికి కనీసం పది రెట్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఒకే కంపెనీ జత కొంటే ఆ లెక్క ఎవరో ముందే చూసి ఉంటారు. కొన్ని కంపెనీలలో జత విడదీయకూడదనడానికి నిజమైన కారణమూ ఉంది. క్వాడ్ 22 ప్రీయాంప్‌కు విద్యుత్తు క్వాడ్ 2 పవర్ యాంప్ నుంచే వెళ్లేది. నెయిమ్ కంపెనీ తన పవర్ యాంప్‌లకు అక్కరలేని అతి ఎక్కువ పౌనఃపున్యాలను వడకట్టే పనిని తన ప్రీయాంప్‌లకు అప్పగించింది. అందుకే వేరే ప్రీయాంప్ వాడవద్దని చెబుతూ వచ్చింది. అది వ్యాపారం కోసం చెప్పిన మాట అని కొట్టిపారేయలేము.

మూడో చోటు ఈ కాలానిది, నాకు అన్నింటికన్నా నచ్చనిది కూడా. పాతరోజుల రిబ్బన్ కేబుల్ ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌గా మారింది. శాంసంగ్ టీవీ స్పీకర్లు, సౌండ్‌బార్ కలిసి మోగే క్యూ-సింఫనీ రెండూ శాంసంగ్‌వి అయితేనే పనిచేస్తుంది. గదిగదికీ పాట పంపే యమహా మ్యూజిక్‌కాస్ట్, డెనాన్, మరాంజ్‌లలోని హియోస్, సోనోస్ పద్ధతి, ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. వైర్లు లేని వెనక స్పీకర్లు కావాలంటే సౌండ్‌బార్ కంపెనీ చెప్పిన స్పీకర్లే కొనాలి, అది కూడా చాలాసార్లు ఆ సౌండ్‌బార్‌కు ఉద్దేశించిన మోడలే కొనాలి. ఈ సౌకర్యం కావాలనుకునేవారు అన్నీ ఒకే కంపెనీవి కొనడం తెలివైన పనే. అయితే యాప్‌కు అప్‌డేట్లు ఆగిపోయిన రోజున ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాలి. రాగి తీగతో కలిపిన స్పీకరుకు అప్‌డేట్ అక్కరలేదు.

కంటి సంగతికి వద్దాం. అందంగా కనిపించాలని కోరుకోవడాన్ని ఆడియో పిచ్చి ఉన్నవాళ్లు చులకనగా చూస్తారు. నాకు ఆ చులకన నచ్చదు. హాలు అందరిదీ. నల్లని పెట్టె మీద వెండి రంగు పెట్టె, దాని మీద బంగారు ఛాయ పెట్టె పేర్చి, వినండి ఎంత బాగుందో అంటే, కళ్లు మూసుకుంటే బాగానే ఉందని మా ఆవిడ ఇచ్చిన తీర్పులో అన్యాయం ఏమీ లేదు. చిక్కు ఏమిటంటే, ఒకే కంపెనీవి కొన్నా ఈ సమస్య తీరదు. ఒకే కంపెనీ నలుపు పదేళ్ల తేడాలో ఒకసారి బూడిద వైపు, మరోసారి నీలం వైపు ఒరుగుతుంది. ఒక మోడల్ డిస్‌ప్లే నీలి పచ్చ, తర్వాతిది తెలుపు. నాబ్ గుండ్రని అంచు నుంచి పలక అంచుకు మారుతుంది. యాంప్లిఫయర్ ఈ ఏడాది, ప్లేయరు నాలుగేళ్ల తర్వాత కొంటే, పేరు కలిసినా రూపం కలవదు. పైగా కొద్దిగా తేడా ఉన్న రెండు నలుపులు పక్కపక్కన ఉంటే పూర్తిగా వేరే రంగుల కన్నా ఎక్కువ పొడుస్తాయి. రూపం కావాలంటే ఒకే సిరీస్‌ను ఒకేసారి కొనాలి. లేదా వెడల్పులు కలిసేలా చూసుకుని రంగును వదిలేయాలి. నేను రెండోది ఎంచుకున్నాను. అంచులు సమంగా ఉంటే రంగు తేడాను కన్ను త్వరగానే మన్నిస్తుందని నా అనుభవం.

రంగు కలిసిన సెట్టుకు ఒక ప్రలోభం ఉంది: అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చాలనిపిస్తుంది. యాంప్లిఫయర్ మూత మీది చీలికలు వేడి బయటకు పోవడానికి. వాటి మీద ప్లేయరు పెడితే మన ఏప్రిల్, మే నెలల్లో కెపాసిటర్ల ఆయుష్షు తగ్గుతుంది. టర్న్‌టేబుల్‌ను యాంప్లిఫయర్ మీద పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం కార్ట్రిడ్జ్‌కు తగిలి సన్నని గుమ్మనే శబ్దం వస్తుంది; ఎడంగా జరిపితే పోతుంది. స్పీకర్ల మీద లేసు గుడ్డ పరిచి పూలకూజా పెట్టే సంప్రదాయం గురించి ఏమీ అనను, గుడ్డ ట్వీటరు మీదికి వేలాడనంత వరకు.

రూపం ముఖ్యమనుకునే వారికి కంపెనీల కన్నా వడ్రంగి ఎక్కువ మేలు చేయగలడు. మన ఇళ్లలో టీవీ యూనిట్ చేయించేటప్పుడు అర లోతు టీవీ కొలతను బట్టో సెట్‌టాప్ బాక్స్‌ను బట్టో నిర్ణయిస్తారు. హోమ్ థియేటర్ రిసీవర్ సుమారు 35 నుంచి 40 సెంటీమీటర్ల లోతు ఉంటుంది, వెనక పిన్నులకు, తీగలు వంగడానికి మరో 7, 8 సెంటీమీటర్లు కావాలి. కాబట్టి లోపల 48 సెంటీమీటర్లు ఉంచమని ముందే చెప్పాలి, వెనక ప్లైవుడ్ పలక వేయవద్దని చెప్పాలి, రిసీవర్ పైన అరచేయి వెడల్పు ఖాళీ అడగాలి. ముందు తలుపుకు ప్లైవుడ్ బదులు మధ్యలో సందులున్న చెక్క పట్టీలు గానీ, స్పీకరు గుడ్డ గానీ పెట్టించుకుంటే గాలి ఆడుతుంది, లోపల ఏ కంపెనీ పెట్టె ఏ రంగులో ఉందో ఎవరికీ కనిపించదు. రిమోట్ సంకేతం లోపలికి వెళ్లడానికి చిన్న ఇన్‌ఫ్రారెడ్ రిపీటర్ ఒకటి చాలు. దాని కన్ను గింజంతే ఉంటుంది, టీవీ అంచున అతికించవచ్చు. స్పీకర్లను మాత్రం ఆ తలుపుల వెనక దాచవద్దు. అవి బయట, గోడకు కాస్త ఎడంగా, చెవి ఎత్తులో ఉండాలి. రంగు గురించి ఇంట్లో మాట్లాడుకోవలసింది ఏదైనా ఉంటే ఆ రెండు పెట్టెల గురించే మాట్లాడుకోండి.